యముడి గుండెలో నా కాపురం

నేను ఒక స్టెంట్‌ను. బాల్‌పెన్నులోని స్ప్రింగుకు దూరపు చుట్టంలా ఉంటాను. ఫ్యాక్టరీలో నన్ను సన్నటి జాలీలా కోసి, మందు పూసి, చిన్న బెలూను మీద బిగించి పంపారు. ఎవరి గుండెలోకి వెళ్తానో అప్పుడు తెలియదు. చివరికి వెళ్లింది యముడి గుండెలోకి.

కంగారుపడకండి. తెనాలిలో పౌరాణిక నాటకాల్లో యముడి వేషం వేసే పోలిశెట్టి వీరరాఘవులు గారి గుండెలోకి. గుండెపోటు వచ్చి రక్తనాళం మూసుకుపోతే, డాక్టర్ నస్రీన్ నన్ను లోపలికి పంపి, బెలూను ఉబ్బించి, అక్కడ నిలబెట్టారు. "రక్తం గడ్డకట్టకుండా ఈ మాత్రలు రోజూ వేసుకోవాలి. నేను చెప్పేదాకా ఆపొద్దు" అని మరీ మరీ చెప్పి ఇంటికి పంపారు.

కొన్నాళ్లు వేసుకున్నారు. ఆపైన మీసం దగ్గర చిక్కొచ్చింది. వేషానికి ముందు పైపెదవి నున్నగా గీసుకుని బుర్రమీసం అతికించుకోవడం ఆయన అలవాటు. మాత్రల వల్ల చిన్న గాటు పడ్డా రక్తం ఓ పట్టాన ఆగదు. తడికి జిగురు పట్టదు. ఒకరోజు "ఓరీ మానవాధమా!" అని గర్జించగానే మీసం ఊడి, నాటకంలో చావబోతున్నవాడి పొట్ట మీద పడింది. చావబోతున్నవాడు నవ్వాపుకోలేక పొర్లాడు. జనం ఈలలు వేశారు.

చిత్రగుప్తుడి వేషం వేసే బావమరిది సాంబయ్య ఓదార్చాడు. "యముడివి నువ్వే మందులు మింగితే ఎట్టా బావా? ఆపెయ్. గుండెలో స్ప్రింగు ఉందిగా, అదే చూసుకుంటది!"

నా మీద అంత నమ్మకం ఇంకెవరూ పెట్టుకోలేదు. కానీ నేను దారి తెరిచి పట్టుకోగలనే తప్ప గడ్డలను తరిమికొట్టలేను. భార్య శేషారత్నం గారికి తెలియకుండా ఆయన మాత్రలు మానేశారు. మీసం నిలబడింది. నా తీగలకు రక్తం అంటుకోసాగింది.

కొద్ది రోజులకే, ఓ మధ్యాహ్నం ప్రదర్శనలో పాశం విసరబోతూ ఆయన ఛాతీ పట్టుకుని కూలిపోయారు. ఏం నటనరా అని జనం చప్పట్లు కొట్టారు. సాంబయ్య మాత్రం ఆయనకు పడుతున్న చెమటలు చూసి "అంబులెన్సుకి ఫోన్ చెయ్యండ్రా!" అని ఏడ్చేశాడు.

ఆ తర్వాత బయట జరిగింది వాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. కిరీటం తీసే తీరిక కూడా లేక, వేషంతోనే ఆస్పత్రికి తెచ్చారట. పక్క మంచం మీది ముసలాయన కళ్లు తెరిచి చూసి, "నాకు వొట్టి జొరమే నాయనా, నేను రాను!" అంటూ సెలైను స్టాండుతో సహా పరిగెత్తాడట.

లోపల నేను గడ్డతో పూడిపోయి ఉన్నాను. ఆయన గుండె తడబడుతోంది. నాకు నిజంగానే భయమేసింది. డాక్టర్ నస్రీన్ మళ్లీ బెలూను పంపి దారి తెరిచారు. రక్తం గలగలా పారేసరికి ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

"మాత్రలు ఎందుకు ఆపారు?" అని మర్నాడు ఆమె అడిగారు.

"మీసం కోసం మేడం" అన్నారాయన, గొంతు తగ్గించి.

సాంబయ్య మంచం వెనక్కి జరిగాడు. శేషారత్నం గారు కళ్లు తుడుచుకుంటూనే, "ఆ మీసమేదో పెంచుకుంటే పోయేదిగా! అంతదానికి ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?" అన్నారు. ఇంతకాలంగా ఆ ఆలోచన ఇద్దరు నటుల్లో ఒక్కరికీ రాలేదు.

ఇప్పుడు ఆయనది సొంత మీసం. మొన్న ప్రదర్శన రసపట్టులో ఉండగా, మాత్రల వేళైందని శేషారత్నం గారు నీళ్ల గ్లాసుతో నేరుగా స్టేజీ ఎక్కేశారు. పాశం ఎత్తిన యముడు, ఎదుట చేతులు జోడించి వణుకుతున్న మానవుడితో "ఒక్క నిమిషం ఆగు నాయనా" అన్నారు. మాత్ర మింగారు. గ్లాసు తిరిగిచ్చారు. ముందు తన ప్రాణం భద్రం చేసుకుని, ఆ తర్వాత తీరిగ్గా వాడి ప్రాణం తీశారు.