పెద్దమ్మ కథ వేణు చెప్పాడు

"నీ కోసమేగా ఇదంతా," అన్నాడు వేణు, ఫ్రిజ్‌లో సోడా సీసాలు సర్దుతూ.

నేను చింతపండు పిసుకుతున్నాను. సగం గుజ్జు గుత్తివంకాయ కూరకి, సగం టెకీలాలో కలపడానికి. మేముండే శాన్ రామన్‌లో మా స్నేహితులందరికీ నా చింతపండు కాక్‌టెయిల్ తెలుసు. నేను సినిమాలకి కథలు రాస్తానన్న సంగతి మాత్రం ప్రతిసారీ కొత్తగా చెప్పాల్సి వస్తుంది. ఆ సాయంత్రం జగన్మోహన్ గారు భార్య రష్మితో కలిసి వస్తున్నారు. ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మేసి ఇప్పుడు ఓటీటీ సినిమాలు తీయిస్తున్నారు. వేణు ఎవరి పార్టీలోనో ఆయన్ని పట్టుకుని, మా ఆవిడ దగ్గర మంచి కథ ఉందని చెప్పి భోజనానికి పిలిచాడు. నిజమే, నా కోసమే. పొద్దున్నుంచీ ఇల్లు తుడుస్తూ, గారెలకి పప్పు రుబ్బుతూ, కథ ఎలా మొదలుపెట్టాలో లోలోపల చెప్పుకుంటున్నాను. రెండో వాక్యానికి వచ్చేసరికి ఏదో ఒకటి పొంగుతోంది, లేదా మాడుతోంది.

కథలు వినిపించడం నాకు కొత్త కాదు. లాస్ ఏంజిలస్‌లో ఉండే నిర్మాతలకి జూమ్‌లో ఎన్నోసార్లు చెప్పాను. వాళ్ళు చాలా బాగా నవ్వుతారు, చాలా మర్యాదగా వద్దంటారు. ఒకసారి కథ సరిగ్గా గుండె పట్టేసే చోటికి వచ్చినప్పుడు వెనక కుక్కర్ కూత పెట్టింది. "మీ ఇంట్లో ఎవరో వండుతున్నారు, అదృష్టవంతులు!" అంది అవతలి అమ్మాయి. వండుతున్నదీ నేనే అని చెప్పలేక నవ్వాను. మా అత్తయ్య శేషమ్మ గారు వచ్చి నాలుగు నెలలైంది. బంధువులతో వీడియో కాల్‌లో మాట్లాడుతూ, "కోడలు ఇంట్లోనే ఉంటుంది, ఏవో రాసుకుంటుంది," అని చెబుతారు. మంచి మనసుతోనే చెబుతారు. వేణు పని చేస్తాడు, నేను రాసుకుంటాను. ఆ 'కుంటాను'లో నేను రాస్తున్న పదేళ్ళూ మునిగిపోతాయి. ఆడుకోవడం, ముస్తాబు చేసుకోవడం, రాసుకోవడం.

ఈసారి కథ మా పెద్దమ్మది. నలభై దాటాక ఆవిడ నర్సు ట్రైనింగ్‌లో చేరతానంది. "గడప దాటితే మళ్ళీ ఈ ఇంటికి రాకు," అన్నాడు పెదనాన్న. ఆవిడ దాటింది. మళ్ళీ రాలేదు. పోట్లాడలేదు, శపించలేదు, ఆయన మనుషుల్ని పంపినా రాలేదు. నర్సుగా రిటైరై ఇప్పుడు కాకినాడలో ఒక్కతే ఉంటుంది. రాలేదు అన్న ఆ ఒక్క మాట కోసమే నేను ఆ స్క్రిప్టంతా రాశాను.

అతిథులు వచ్చారు. గ్లాసుల అంచులకి ఉప్పూ కారం అద్ది, పచ్చిమిర్చి చిదిమి, షేకర్ ఊపి పోశాను. జగన్మోహన్ గారు ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు. "నీహారిక గారూ, సినిమా తర్వాత సంగతి. దీన్ని బాటిల్ చేయండి, నేను రేపే ఇన్వెస్ట్ చేస్తా!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు ఎప్పుడూ అందరికన్నా ఒక క్షణం ముందే తయారుగా ఉంటుంది.

"సరే, కథ చెప్పండి," అన్నారాయన. కుర్చీ అంచున కూర్చుని మొదలుపెట్టాను. పెద్దమ్మ వంటింట్లోంచి పెదనాన్నని పిలిచే దగ్గరికి వచ్చాను.

"నూనె కాగిపోతున్నట్టుంది, అమ్మాయ్," అన్నారు అత్తయ్య.

"నువ్వెళ్ళి చూడు, నేను చెబుతుంటాలే," అన్నాడు వేణు. "నాకు తెలుసుగా, ఎన్నిసార్లు విన్నానో!"

వెళ్ళాను. ఎందుకు వెళ్ళానని తర్వాత చాలాసార్లు నన్ను నేనే అడిగాను. పొయ్యి ఆపేసి వచ్చి కూర్చుని ఉండొచ్చు. కానీ కాళ్ళు నన్నడగలేదు, అవే లేచాయి. గారెలు వేస్తూ విన్నాను. వేణు బాగా చెబుతాడు. గొంతు ఎక్కడ తగ్గించాలో తెలుసు, ఎక్కడ ఆగాలో తెలుసు. నేను రాసిన మాటలే అతని నోట్లో ఖరీదైన మాటలయ్యాయి. వింటూ వింటూ ఒకచోట నా చెయ్యి ఆగిపోయింది. వేణు చెబుతున్న కథలో పెదనాన్న ఐసీయూలో ఉన్నాడు. యూనిఫాంలో ఉన్న నర్సు తలుపు తీసుకుని వచ్చింది. ఆవిడే! ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని, కన్నీళ్ళతో...

పళ్ళెంతో హాల్లోకి వచ్చేసరికి జగన్మోహన్ గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"అలా కాదు," అన్నాను. "ఆవిడ తిరిగి రాదు."

"ఎందుకు రాదండీ? నర్సే కదా!" అన్నారాయన. మళ్ళీ నవ్వులు.

"అది పాత డ్రాఫ్ట్ సర్," అన్నాడు వేణు. "మేం దాని మీద వర్క్ చేస్తున్నాం."

"రాకపోతే కథెలా ముగుస్తుందమ్మా?" అన్నారు అత్తయ్య, నిజంగా అర్థంకాక.

నేను రష్మి వైపు చూశాను. ఆమె నా కళ్ళలోకి ఒక్క క్షణం చూసి, తల దించుకుని, గ్లాసు తిప్పుతూ, "ఇందులో ఏమేం వేశారు?" అని అడిగింది. చెప్పాను. చింతపండు గోరువెచ్చటి నీళ్ళలో ఎందుకు నానబెట్టాలో, బెల్లం ఎప్పుడు కలపాలో, మిరపకాయని కోయకుండా వేళ్ళతోనే ఎందుకు చిదమాలో, అంతా చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. ఆ సాయంత్రం ఎవరూ అడ్డురాకుండా నేను మొదటినుంచి చివరిదాకా చెప్పగలిగింది అదొక్కటే.

మర్నాడు కాఫీల వేళకి జగన్మోహన్ గారి ఫోన్ వచ్చింది, వేణుకి. మాట్లాడి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుని ఊపేశాడు. "కొట్టేశాం! ఆయన సినిమా చేస్తున్నాడు. స్టోరీ కింద మనిద్దరి పేర్లూ వేస్తారు. స్క్రీన్‌ప్లేకి ఎల్‌.ఏ. నుంచి ఒకతన్ని పెడతారట, నువ్వు హెల్ప్ చేయొచ్చు."

"ముగింపు?"

"నేను చెప్పిందే. దానికే పడిపోయాడాయన. ఒక్క సీనే కదా నీహా, నీకేం పోయింది?"

గరాజ్‌లోకి వెళ్ళి, కారులో కూర్చుని తలుపులు వేసుకుని పెద్దమ్మకి ఫోన్ చేశాను. కాకినాడలో అన్నం తిని పడుకోబోతోంది. జరిగిందంతా చెప్పాను. ఐసీయూ సీను విని పడీపడీ నవ్వింది.

"నేనెళ్ళి మీ పెదనాన్న చెయ్యి పట్టుకుని కూర్చుంటే వార్డులో డ్యూటీ ఎవరు చేస్తారే?"

నవ్వలేకపోయాను. "అది తప్పని చెప్పాను పెద్దమ్మా. ఎవరూ వినలేదు."

"నా మాట మాత్రం ఎవరు విన్నారు? వింటారేమోనని ఇరవై ఏళ్ళు చెబుతూ కూర్చున్నాను," అంది. ఆమె గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "నీకు నచ్చనిదాన్ని నీదని ఒప్పుకోకు. అంతవరకూ నీ చేతిలోదే కదా."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. కారు తీసుకుని వెళ్ళిపోవాలని ఒక్కసారి అనిపించింది. ఎక్కడికో తెలియలేదు. తాళాలు ఇంట్లోనే ఉన్నాయి. లోపలికి వచ్చాను. వేణు లాప్‌టాప్ ముందున్నాడు. శనివారం మళ్ళీ అందరూ వస్తున్నారని, రైటర్ కూడా వస్తాడని అత్తయ్యకి చెబుతున్నాడు.

"వేణూ, ఆ కథ ఇవ్వొద్దు," అన్నాను.

"ఇవ్వొద్దనడమేంటి, అయిపోయింది! ఆయన తన టీంకి చెప్పేశాడు కూడా. ఇప్పుడు వద్దంటే నా పరువేం కావాలి?"

నిజమే. నోటితో చెప్పేసిన కథని ఎలా వెనక్కి తెచ్చుకోవాలి? అది అప్పుడే ఎవరెవరి చెవుల్లోకో వెళ్ళిపోయింది. ఏళ్ళ తరబడి, తెర మీద ఒక్కసారి, ఒక్క క్షణం నా పేరు పడితే చాలనుకుని రాశాను. పేరు పడుతోంది. అత్తయ్య అప్పుడే బంధువులకి చెప్పడానికి ఫోన్ వెతుక్కుంటున్నారు.

"అయితే నా పేరు తీసేయమని చెప్పు," అన్నాను.

"పిచ్చా నీకు? ఇన్నాళ్ళూ ఏడ్చింది దీనికోసమే కదా!"

"ఔను. అయినా వద్దు. అది నేను రాసిన కథ కాదు."

వేణు లాప్‌టాప్ మూశాడు. కథ ఆపేస్తాడేమోనని నేను ఆశపడ్డాను.

"నా ఒక్కడి పేరే ఉంటే బాగుండదేమో," అన్నాడు నెమ్మదిగా.

కుదరదని మాత్రం అనలేదు.