ముల్లు మోకాలు

పెద్దాయన తొడను పెదవుల మధ్య బిగించి, పిక్కను బొటనవేలి మీద నిలబెట్టి, తిమ్మరాజు ఒక కన్ను మూసుకుని రెండింటి సందులోకి చూస్తున్నాడు. గడప మీద కూర్చున్నాడు. ఒళ్లో పరిచిన తుండుగుడ్డ మీద పొద్దుటి ఎండ పడుతోంది. ఆ గుడ్డ మీద ఒక మొండెం, రెండు చేతులు, కొమ్ములున్న తల, అగ్గిపుల్లంత కత్తి. దారిన పోయేవాళ్లకు అక్కడేదో ఘోరం జరిగినట్టే కనిపిస్తుంది. జరిగింది మాత్రం పండగ దులుపుడు.

నిన్న సాయంత్రం అతని భార్య మంజులమ్మ అటక మీద బూజు దులుపుతుంటే కర్ర కొస తగిలి పెద్దాయన కింద పడ్డాడు. కుడి మోకాలి లోపల సూదంత కడ్డీ విరిగింది. అప్పటినుంచి ఆయన నిలబెడితే వంగుతాడు, వంచితే కూలుతాడు.

పెద్దాయన అంటే జానెడు బొమ్మ. జపాను కార్టూన్లలో మనిషి లోపల కూర్చుని నడిపే యుద్ధపు రోబోలు ఉంటాయే, వాటి చిట్టి రూపం. ఈ బొమ్మలు ముక్కలుగా వస్తాయి. మనమే విరిచి, అరగదీసి, కీలుకు కీలు అమర్చి నిలబెట్టుకోవాలి. మంజులమ్మ పప్పుడబ్బాలు పెట్టుకోవాల్సిన అటక నిండా అవే. చాలామట్టుకు బెంగళూరు బజారులో చెయ్యి లేనివీ, తల లేనివీ ఏరి తెచ్చి బతికించినవి. పెద్దాయన ఒక్కడే పెట్టెతో సహా వచ్చినవాడు.

ఇచ్చింది కిమురా అనే జపాను ఇంజనీరు. హోసూరులో తిమ్మరాజు పని చేసే ప్లాస్టిక్ కంపెనీకి అచ్చులు బిగించడానికి వచ్చాడు. తిమ్మరాజుది చేతి మిషను. లివరు కిందికి లాగితే కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దిగి, సీసా మూతలు కొమ్మకు కాయల్లా అతుక్కుని బయటికొస్తాయి. వాటిని నలుసు కూడా మిగలకుండా తుంచడం అతని పని. కిమురా ఆ తుంచడం చూసి చూసి, ఊరికి పోయే రోజు ఒక పెట్టె చేతిలో పెట్టాడు. తెరిస్తే అందులోనూ కొమ్మలే. మూతలకు బదులు కాళ్లూ చేతులూ కాశాయి, అంతే. రాసిందంతా జపాను భాష. తిమ్మరాజు బొమ్మలు చూసి పట్టుదలగా కూర్చున్నాడు. వానలు మొదలయ్యే నాటికి పెద్దాయన లేచి నిలబడ్డాడు.

ఆ తర్వాత తిమ్మరాజు నోటికి పట్టపగ్గాలు లేవు. అసలు రోబో రాయకోట కొండకన్నా ఎత్తట. అది పొద్దున్నే ముఖం కడుక్కోవాలంటే కృష్ణగిరి డ్యాము ఒక్క దోసిలికి చాలదట. తుమ్మితే ధర్మపురికి పోయే రైలు మళ్లీ హోసూరు స్టేషనులో వచ్చి నిలుస్తుందట. రాయకోటలో పుట్టినవాడు కాబట్టి కొండ కొలత తప్పు చెప్పడని తోటి పనివాళ్లు నమ్మినట్టు నటించేవాళ్లు.

ఒక్క సంగతి మాత్రం నిజంగానే నమ్మేవాళ్లు. ప్రతి ఆయుధపూజకూ పెద్దాయన చేతి మిషను నెత్తిమీద నిలబడి హారతి అందుకోవాలి. ఒక ఏడు తిమ్మరాజు మత్తూరులో పెళ్లికి పోయి తేలేదు. ఆ ఏడే మిషను తోటి పనివాడు హనుమంతప్ప ఉంగరం వేలి కొస కొరికేసింది. అప్పటినుంచి పండగ దగ్గర పడితే అందరికన్నా ముందు హనుమంతప్పే అడిగేవాడు, "పెద్దాయన వస్తుండాడు కదన్నా?" అని.

ఇవాళే ఆ పూజ. ఈ ఏడు తప్పకుండా రావాలి. చేతి మిషనుకు ఇదే కడపటి పూజ. పండగ పోగానే లారీ వచ్చి పాత ఇనుముకు తీసుకుపోతుంది. దాని చోటికి వచ్చే కొత్త మిషనుకు లివరు లేదు. లివరు లేని చోట తిమ్మరాజుకు పనీ లేదు. పదహారేళ్లు కలిసి బతికిన ఇద్దరూ ఒకేసారి గేటు దాటుతున్నారు. అలాంటి రోజు పెద్దాయనను పడుకోబెట్టి హారతి ఇప్పించడం తిమ్మరాజు వల్ల కాదు.

"మంజులా, నా సన్న పట్టుకారు యాడ పెట్టినావు?"

"యాడ పెడతాను? పూజలో."

తిమ్మరాజు తొడను నోట్లోంచి తీశాడు. "అన్నీనా?"

"అన్నీ. నీ ఆకురాయి, బ్లేడు, ఆ గింజంత డ్రిల్లు, నా కత్తిపీట, కత్తెర. విబూది పెట్టి, కుంకుమ పెట్టి, కర్పూరం కూడా చూపించేసినాను."

"కర్పూరం కూడానా?"

"పొద్దు పొడవకముందే చేసేయాలని ఏడేడూ అరిచేది నువ్వే కదయ్యా!" అన్నది మంజులమ్మ. అన్నాక ఆమెకు మోకాలు గుర్తొచ్చింది. చెంగుతో చేతులు తుడుచుకుంటూ గడప దాకా వచ్చింది. కర్పూరం చూపించిన పనిముట్టును మర్నాటిదాకా ముట్టకూడదు. ఆ రోజు వాటికి సెలవు.

"ఒక్క పట్టుకారు తీసుకోయ్యా. దేవుడు చూడనట్లు ఉంటాడులే."

"దేవుడు చూడనట్లు ఉంటాడు. నేను ఉండలేను కదమ్మా."

పక్కింట్లో బట్టలు కుట్టే మునివెంకటమ్మ దగ్గరికి పోయి సూది అడిగాడు. కుట్టుమిషను బంతిపూల కింద ఉంది.

"సూది కూడానా తల్లీ?"

"సూది పెట్టకుండా మిషనుకు పూజ ఏందన్నా? బట్టలిప్పిన పెళ్లికొడుకు మాదిరి ఉండదూ?"

సైకిలు షాపువాడి పానాలు పూజలో. మంగలి కత్తి పూజలో. వడ్రంగి ఉలి పసుపు పూసుకుని పడుకుంది. ఆ పూట హోసూరు మీదికి ఎవడైనా దండెత్తి వచ్చివుంటే, ఊరు ఊరంతా చేతులు కట్టుకుని "రేపు రాప్పా" అని చెప్పి పంపించేది.

తిమ్మరాజు రైలుకట్ట వైపు నడిచాడు. కట్ట ఎక్కేసరికి చొక్కా వీపుకు అంటుకుంది. చల్లటి గాలి వీస్తున్నా నుదురంతా చెమట. కాసేపు కూర్చుని, ఎడమ చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా రుద్దుకున్నాడు. తర్వాత లేచి తుమ్మచెట్టు దగ్గరికి పోయి, వంకర లేనిది, ముదిరినది, తెల్లటి ముల్లొకటి ఏరుకున్నాడు. ముల్లు ఎవడి పనిముట్టూ కాదు. దానికెవడూ బొట్టు పెట్టలేదు.

ఇంటికొచ్చి దేవుడి దగ్గర వెలుగుతున్న ఊదుబత్తి తీసుకున్నాడు. దాని నిప్పుమొనను మోకాలి మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, తీసి, మళ్లీ ఆనించాడు. కాలిన ప్లాస్టిక్ వాసనా, మల్లెల ఊదుబత్తి వాసనా కలిసి ఇల్లంతా పరుచుకున్నాయి. ప్లాస్టిక్ ఎప్పుడు మెత్తబడుతుందో, ఎప్పుడు కారిపోతుందో ఆ వేళ్లకు తెలుసు. బెజ్జం పడింది. ముల్లు దూర్చి, మిగిలిన కొస పళ్లతో కొరికి తుంచాడు.

పెద్దాయన గడప మీద నిలబడ్డాడు. ఒక్క క్షణం ఆలోచించి, బోర్లా పడ్డాడు.

"పోనీలేయ్యా," అన్నది మంజులమ్మ గొంతు సన్నం చేసుకుని. "నా వల్లనే కదా. మిషనుకు నేను చెప్పుకుంటాను."

"మిషనుకు తెలుగు రాదు," అన్నాడు తిమ్మరాజు. ముల్లును బయటికి లాగి, లావుపాటి మొదలు లోపలికి పోయేలా తిప్పి, గడప రాతికి ఆనించి నొక్కాడు. ఈసారి మోకాలు కిర్రుమంది. బిగిసింది.

పెద్దాయన నిలబడ్డాడు. కాస్త కుడివైపు ఒరిగి, ఎత్తుబరువు మోసి వచ్చిన కూలివాడిలా నిలబడ్డాడు. తిమ్మరాజు గడపను అరచేత్తో తట్టాడు. పడలేదు.

"ఆ చెయ్యి రుద్దుకుంటానే ఉండావు," అన్నది మంజులమ్మ.

"లివరు లాగిన చెయ్యి. మిషను పోతుండాది కదా, దానికీ బెంగ."

కంపెనీలో మిషన్లన్నిటికీ అరటిపిలకలు కట్టారు. చేతి మిషనుకు హనుమంతప్ప దగ్గరుండి విబూది పట్టెలు గీశాడు. తిమ్మరాజు పెద్దాయనను దాని నెత్తిన నిలబెడుతుంటే వంగి వంగి చూశాడు.

"ఏం రాజన్నా, మీ పెద్దాయన కుంటుతుండాడే?"

"కుంటినా నిలబడతాడు. నీ మాదిరి గోడకు ఆనుకునేవాడు కాదు."

"మోకాలికి ఏం వేసినావు?"

"తుమ్మముల్లు."

"అయ్యో దేవుడా! జపానోళ్లకు తెలిస్తే మన తుమ్మచెట్లన్నీ ఓడెక్కించుకుని పోతారప్పా!"

అందరూ నవ్వారు. సూపర్వైజరు ప్రసాదు కూడా నవ్వి, పెద్దాయన నుదుట వేలికొసతో కుంకుమ పెట్టాడు. హారతి తిప్పారు. గుమ్మడికాయ నేలకేసి కొట్టినప్పుడు గది అదిరింది. హనుమంతప్ప కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తెరిచి చూస్తే పెద్దాయన అలాగే ఉన్నాడు.

పూజ అయిపోయింది కాబట్టి మిషనును ముట్టడానికి లేదు. తిమ్మరాజు తన ముక్కాలిపీట దాని పక్కకు లాక్కుని, గోడకు చేరగిలబడి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు. లివరు మీద కాకుండా ఒళ్లో ఉన్న ఆ చేతులు ఎవరివో అన్నట్టున్నాయి. బొరుగులు పంచుతున్న సందడి అటువైపు ఉంది.

హనుమంతప్ప రెండు పొట్లాలు తెచ్చాడు. "నన్నన్నావు, నువ్వే గోడకు ఆనుకున్నావే? పట్టు రాజన్నా." పొట్లం ఒళ్లో పెట్టాడు. చేతులు కదల్లేదు. తిమ్మరాజు కళ్లు సగం తెరుచుకుని మిషను నెత్తివైపే చూస్తున్నాయి. హనుమంతప్ప చాలాసేపు తన పొట్లం విప్పకుండా అక్కడే నిలబడ్డాడు.

మర్నాడు విజయదశమి. పనిముట్ల సెలవు తీరింది. మంజులమ్మ పూజలోంచి సన్న పట్టుకారు తీసి, కుంకుమ తుడిచి, పాడె కట్టకముందే తిమ్మరాజు చొక్కా జేబులో పెట్టింది.

లారీ ఆ తర్వాతి రోజు వచ్చింది. గొలుసులు వేసే ముందు హనుమంతప్ప పెద్దాయనను దించి, మంజులమ్మకు కబురు పంపాడు, ఇంటికి తెచ్చి ఇవ్వనా అని.

"ఆడే ఉండనీప్పా. ఆయప్పకు పనిచోటు అదే," అని చెప్పి పంపింది.

మిషను లేచిపోయింది. నూనెతో నల్లబడ్డ నేలలో అది నిలిచినంత మేర సిమెంటు తెల్లగా మిగిలింది. దాని నట్టనడుమ, నుదుట ఎండిన కుంకుమతో, ముల్లు మొన బయటికి కనిపిస్తున్న మోకాలి మీద కాస్త కుడికి ఒరిగి, పెద్దాయన నిలబడి ఉన్నాడు.