రెండో ఒంటిగంట

ఇక్కడ అమెరికాలో గడియారాలు ఒక గంట ముందుకి జరిపే మార్చి నెల రెండో ఆదివారం వచ్చిందంటే నాకు ఒళ్ళు మండుతుంది. నిద్రలో ఒక గంట పోయినందుకు కాదు, దాన్ని మా ఆయన శ్యామ్‌సుందర్ గారు ఊరేగించే తీరుకి. ఫోన్లు వాటంతట అవే మారిపోతాయి, కంప్యూటర్లూ మారిపోతాయి. అయినా ఈయన తెల్లారగానే స్టూలు వేసుకుని హాల్లో గడియారం దించుతారు. ఓవెన్ ముందు నిలబడి బటన్లు నొక్కుతారు. గరాజ్‌లోకి వెళ్ళి రెండు కార్లలోనూ టైము సరిచేస్తారు. మేము నోవై వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు దాటింది. ఏడాదికి రెండుసార్లు, ఇప్పుడు ముందుకీ చలికాలం ముందు వెనక్కీ, ఈ తంతు ఒక్కసారి కూడా తప్పలేదు. అంట్లు తోమమంటే నడుం పట్టేసే మనిషికి స్టూలెక్కడానికి మాత్రం ఏ నొప్పీ ఉండదు.

ఈ ఆదివారం మంట ఇంకాస్త ఎక్కువైంది. పదకొండింటికి వసుమతి గారు వీడియో కాల్ చేస్తానన్నారు. ఆవిడ మా అమ్మాయి దేదీప్య పెళ్ళి చేసుకోవాలనుకుంటున్న రఘువీర్‌కి తల్లి. వరంగల్ నుంచి వచ్చి ఈ దేశంలోనే అల్ఫారెట్టాలో కొడుకు దగ్గర ఉంటున్నారు. జాతకాలు ఆవిడే లాప్‌టాప్‌లో వేస్తారు. పెద్ద కొడుక్కి జాతకం చూడకుండా చేస్తే రెండేళ్ళలో విడాకులయ్యాయట. రెండోవాడికి చూడనిదే చెయ్యనని పట్టుబట్టి కూర్చున్నారు. తల్లి సరే అనకపోతే రఘువీర్ ముందుకు రాడు. మా అమ్మాయి అతన్ని తప్ప ఇంకొకర్ని చేసుకోదు.

శనివారం సాయంత్రం ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. మేము పంపిన పుట్టిన వివరాలు నోవై, 1998 అక్టోబర్ 25, రాత్రి ఒంటిగంట ఇరవై అయిదు. అవి ఎక్కిస్తుంటే సాఫ్ట్‌వేర్ ఆగిపోయి ఒక ప్రశ్న వేసిందట. ఆ రాత్రి రెండు కాగానే ఇక్కడ గడియారాలన్నీ మళ్ళీ ఒంటిగంటకి తిప్పేశారు. అంటే ఒంటిగంట ఇరవై అయిదు రెండుసార్లు వచ్చింది. మీ పాప మొదటిదానికి పుట్టిందా, రెండోదానికా? మొదటిదైతే కర్కాటక లగ్నం, కుజుడు రెండో ఇంట్లో ఉన్నాడు, దోషం. రెండోదైతే సింహ లగ్నం, ఏ దోషమూ లేదు.

కన్నది ఒక్క పిల్లని, ఒక్కసారి. దానికి రెండు సమయాలట! ఈ గడియారాలు తిప్పే పద్ధతి ఎవడు పెట్టాడోగాని, వాడు జన్మలో పురిటి మంచం ఎక్కి ఉండడు.

మెసేజ్ చదివి మా ఆయన మొహం వెలిగిపోయింది. "రెండోదే రాధా, డౌటే లేదు. నేను రూమ్‌లోకి రాగానే క్లాక్ చూశాను కదా, వన్ ట్వెంటీఫైవ్. బేబీ కార్డ్ మీద కూడా వన్ ట్వెంటీఫైవ్. ఎగ్జాక్ట్‌గా టైముకి వచ్చాను" అన్నారు.

ఈ మాట నేను ఇరవై ఏడేళ్ళుగా వింటున్నాను. ప్రతి పుట్టినరోజుకీ కేకు కోయగానే ఆయన గొంతు సవరించుకుని ఇదే చెప్తారు. వచ్చినవాళ్ళు చప్పట్లు కొడతారు. నేను పేపర్ ప్లేట్లు పంచుతాను.

అసలు జరిగింది వేరు. నాకది మొదటి కాన్పు. అమ్మకి వీసా రాలేదు. సాయంత్రం నొప్పులు మొదలైతే ఇద్దరమే హాస్పిటల్‌కి వెళ్ళాం. పదకొండున్నరకి డాక్టర్ చూసి, ఇంకా నాలుగైదు గంటలు పడుతుందని చెప్పి వెళ్ళింది. ఆయన వెంటనే లేచారు. "ఇంటికెళ్ళి వీడియో కెమెరా తెస్తాను. అలాగే క్లాక్స్ కూడా మార్చేసి వస్తాను. ఇవాళ ఎలాగూ ఒక గంట ఎక్స్‌ట్రా ఉంది" అన్నారు. ఇల్లు అక్కడికి పావుగంట దూరం. పన్నెండు దాటింది, పన్నెండున్నర దాటింది. ఒంటిగంటకి నేను మంచం కమ్మీ పట్టుకుని తెలుగులో ఏడుస్తున్నాను, ఏమంటున్నానో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. ఒంటిగంట ఇరవై అయిదుకి పిల్ల పుట్టింది. నర్సు చేతిలో కత్తెర పట్టుకుని, బొడ్డు కోయడానికి తండ్రి ఎక్కడ అని నన్నడిగింది.

రెండు కాగానే అదే నర్సు కుర్చీ ఎక్కి, గోడ గడియారం ముల్లు వెనక్కి తిప్పి ఒంటిగంట చేసింది. నేను ఒక్కదాన్నే పడ్డ గంటని నా కళ్ళముందే తుడిచేసింది. మళ్ళీ ఇరవై అయిదు నిమిషాలు గడిచాక ఆయన భుజాన కెమెరాతో లోపలికొచ్చారు. గడియారం చూశారు, ఉయ్యాలకి కట్టిన కార్డు చూశారు. "చూశావా, కరెక్ట్‌గా వచ్చేశాను" అన్నారు. అప్పుడు నాకు నోరు తెరిచే ఓపిక లేదు. ఓపిక వచ్చేసరికి ఆ కథ తెలిసినవాళ్ళందరి ఇళ్ళకీ చేరిపోయింది. పదిమందిలో మొగుణ్ణి అబద్ధాలకోరు అనలేక ఊరుకున్నాను. కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

పదకొండింటికి ఇంకా పది నిమిషాలుంది. దేదీప్య వంటింట్లోకి వచ్చింది. గోళ్ళు కొరుక్కుంటోంది.

"అమ్మా, ప్లీజ్, సెకండ్ అని చెప్పు. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా."

"సో వాట్? నువ్వు ఆ దోషం బిలీవ్ చేస్తావా?"

నమ్మను. కుజుడితో నాకు ఏ పేచీ లేదు. నా పేచీ అంతా ఆ స్టూలెక్కిన మనిషితో. కాని ఆ మాట దీనికెలా చెప్పను? మూడో క్లాసులో 'మై డాడ్ ఈజ్ నెవర్ లేట్' అని వ్యాసం రాసి ప్రైజు తెచ్చుకున్న పిల్ల. ఆ కాగితం ఆయన ఫ్రేము కట్టించి గోడకి తగిలించారు.

కాల్ వచ్చింది. వసుమతి గారు కళ్ళజోడు సర్దుకుని నమస్కారం పెట్టారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన స్క్రీన్‌లోకి తల దూర్చారు.

"రెండోదేనండీ. నేను రెండో ఒంటిగంటకే వచ్చాను, పాప పుట్టినప్పుడు అక్కడే ఉన్నాను."

"మీరు జర ఆగుండ్రి అన్నయ్యగారు" అన్నారావిడ. "మగోళ్ళకు పిల్లల పుట్టినరోజులే యాదుండవు, టైమేం యాదుంటది? కన్నతల్లి చెప్పాలె. వదినగారు, ఒక్కటే అడుగుత. అన్నయ్యగారు రెండో ఒంటిగంటకు వచ్చిన్నంటున్నరు. పాప పుట్టినప్పుడు ఆయన మీ పక్కన ఉన్నరా? ఉంటే రెండోదే. లేకుంటే మొదటిది. మీ నోటితోని చెప్పండ్రి, నేను నమ్ముత."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ నన్నెవరూ అడగని ప్రశ్న ఇది. ఎవరైనా అడిగితే కడిగిపారేద్దామని మాటలన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను. ఇవాళ అడిగారు. కెమెరాకి కనపడకుండా ఫ్రిజ్ పక్కన నా కూతురు నిలబడి ఉంది. దాని కళ్ళు నిండిపోయి ఉన్నాయి. మా ఆయన టేబుల్ వైపు చూస్తున్నారు, నా వైపు చూడడం లేదు.

"ఉన్నారు వదినగారూ" అన్నాను. "నా చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. బొడ్డు కూడా ఆయనే కోశారు."

బొడ్డు సంగతి ఆవిడ అడగనేలేదు. ఒకసారి మొదలెట్టాక అదీ వచ్చేసింది.

"అయితే సింహ లగ్నమే. మంచిగుంది వదినగారు, చాన మంచిగుంది. మే నెలల ముహూర్తాలు చూస్త" అని ఆవిడ కాల్ పెట్టేశారు.

దేదీప్య కెవ్వున అరిచి పరుగెత్తుకొచ్చి వాళ్ళ నాన్నని వాటేసుకుంది. "థాంక్యూ డాడీ, టైముకి వచ్చినందుకు!" అంది. ఆ తర్వాత నన్ను వాటేసుకుంది. రఘువీర్‌కి చెప్పాలని ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

నేను సింకు దగ్గరకి వెళ్ళి గిన్నెలు ఎత్తి పడేయడం మొదలెట్టాను. ఆయన కదల్లేదు. అక్కడి నుంచే "రాధా" అన్నారు.

"ఏంటి?"

"నేను టైముకి రాలేదని నాకు తెలుసు."

నీళ్ళు ఆపేశాను. "ఎప్పట్నుంచి?"

"ఆ రాత్రి నుంచే. ప్రతి బర్త్‌డేకీ నువ్వు కాదంటావేమోనని నీ వైపే చూసేవాణ్ణి. అనలేదు. అలా అలవాటైపోయింది."

"నాలుగు గడియారాలు మార్చడానికి మూడు గంటలు పట్టిందా మీకు?" నా గొంతు లేచింది. పెరట్లో పిల్ల ఉందని గుర్తొచ్చి తగ్గించాను. అరవడానికి కూడా లేకుండా చేశారు.

"క్లాకులు పది నిమిషాల్లో అయిపోయాయి. పన్నెండున్నరకల్లా హాస్పిటల్ పార్కింగ్‌లో ఉన్నాను. కార్‌లోనే కూర్చుండిపోయాను. నువ్వు అరుస్తుంటే చూడలేనేమో, నీకేమన్నా అవుతుందేమోనని భయం. డోర్ తీశాను, మళ్ళీ వేసేశాను."

ఇన్నాళ్ళూ నేను గడియారాలని తిట్టుకున్నాను. ఈ మనిషి దాదాపు రెండు గంటలు నా కిటికీ కింద కూర్చుని, పైకి రాలేదు. ఆయన మొహం చూస్తే జాలేసింది. ఆ జాలికి కోపం రెట్టింపైంది.

"భయమైతే పైకొచ్చి నా పక్కన కూర్చుని భయపడాల్సింది" అన్నాను. "నేనూ అదే చేస్తున్నాను, ఒక్కదాన్నే."