తాడు చివరి మనిషి

మూడేళ్ళుగా లిసియాతే ఎవరినీ నమ్మడం మానేశాడు.

వవావు దీవిలో మిట్ట ఊరి తాడు లాగే జట్టుకు చిట్టచివరి మనిషి ఆయన. నడుముకు తాడు చుట్టుకుని నిలబడితే చర్చి స్తంభం నిలబడ్డట్టే. మిగతా ఏడుగురూ తక్కువవాళ్ళు కారు. వాళ్ళంతా ఒకేసారి పడవెక్కితే పక్క దీవి ఒడ్డున పోటు వచ్చేదని చెప్పుకునేవారు. అలాంటి జట్టును ఎండుచేపల్లాంటి రేవు ఊరివాళ్ళు వరసగా మూడు చర్చి పండుగల్లో ఈడ్చి పారేశారు. ఈసారీ ఓడితే చివరి చోటు వేరేవాడికి ఇచ్చేస్తానని ఊరి పెద్ద తేల్చి చెప్పాడు. లిసియాతే తాత, తండ్రి నిలబడ్డ చోటది.

అందుకే ఆయన అనుమానాలకు హద్దు లేకుండా పోయింది. మొదట తాడును అనుమానించి వాసన చూశాడు, నాకి కూడా చూశాడు. రేవువాళ్ళ నాయకుడు ఫెలేతి అక్కడి ఆచారం ప్రకారం బట్టల మీద నడుముకు చుట్టుకునే చాపలో రాళ్ళు దాస్తున్నాడనుకుని, పలకరింపు వంకతో కావిలించుకుని తడిమాడు. ఎముకలే తగిలాయి. పాస్టరు గారు ప్రార్థనలో రేవు పేరు ముందు పలికారని ఆయన్నీ వదల్లేదు.

పండుగ నాడు పొద్దున్నే అక్క సేలా కాచిన పూల వాసన కొబ్బరినూనె వచ్చింది. మూడేళ్ళుగా ఏటా వచ్చేదే. పోటీకి ముందు జట్టంతా నడినెత్తి నుంచి అరికాలి దాకా నిగనిగలాడాలి. అక్క పంపినదాన్ని కాదనేవాడు ఆ దీవుల్లో ఇంకా పుట్టలేదు.

నూనె పట్టించుకుని వసారాలో నిలబడ్డ లిసియాతేను మేనకోడలు లోసే ఎగాదిగా చూసింది. ఆమె బడిలో సైన్సు చెబుతుంది. అక్క కూతురు కాబట్టి మామయ్యను ఏమన్నా చెల్లుతుంది.

"ఈ ఏడు ఎవరి మీద మామయ్యా అనుమానం?"

"మళ్ళీ తాడు మీదకే వచ్చానే. బలమంతా వాళ్ళకిచ్చి మనకి నీరసం పంపిస్తోంది."

"తాడుకి పక్షపాతం లేదు. అటు ఎంత లాగుతుందో ఇటూ అంతే లాగుతుంది."

"మరి వాళ్ళెలా గెలుస్తున్నారు?"

"కాళ్ళతో. నువ్వు నేలని ముందుకి తన్నాలి, నేల నిన్ను వెనక్కి నెట్టాలి. అక్కడ పట్టు లేకపోతే నీ కండలన్నీ అలంకారానికే. ఏదీ, ఈ గుడ్డ చివర పట్టుకో."

లోసే పొడికాళ్ళతో గడ్డిలో నిలబడి ఒక్క గుంజు గుంజింది. చర్చి స్తంభం సిమెంటు గచ్చు మీద సర్రున జారి, పందులకు వేసే కొబ్బరి బుట్టకు పొట్ట ఆనించి ఆగింది.

లిసియాతే చాలాసేపు తన అరికాళ్ళకేసి చూసుకున్నాడు. మూడేళ్ళుగా ఊరంతా వెతికిన దొంగ అక్కడున్నాడు.

"కడుక్కుంటే?" అన్నాడు గొంతు తగ్గించి.

"అమ్మ ముందు వరసలోనే కూర్చుంటుంది. పొడికాలు కనపడితే నీ తరఫున నేను మాట్లాడను."

"పోనీ, రేవువాళ్ళకీ జారితే?"

లోసే నవ్వింది. "అప్పుడు నేల బరువున్నవాళ్ళనే ఎక్కువ పట్టుకుంటుంది."

లిసియాతే తిన్నగా వెళ్ళి అక్క ఎదుట మర్యాదకి కాస్త దూరంగా నేల మీద కూర్చుని తల వంచాడు.

"అక్కా, అతిథులు ఎండిపోయిన కాళ్ళతో మన నేల మీద నిలబడుతుంటే నాకు సిగ్గేస్తోంది."

సేలా తమ్ముణ్ణి అనుమానంగా చూసింది. "నీకు రేవువాళ్ళ మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచిరా?"

"ఇవాళ పొద్దుట్నుంచి."

"సరే, లోసే చేత పంపిస్తాను. అరికాళ్ళు మరిచిపోవద్దని చెప్పు."

నూనె సీసాను ఫెలేతి రెండు చేతులా అందుకున్నాడు. మూత తీసి వాసన చూశాడు, లిసియాతే మొహం చూశాడు. కానీ ముందు వరసలోంచి సేలా అతన్నే చూస్తోంది. జట్టంతా అరికాళ్ళ దాకా రాసుకోక తప్పలేదు.

ఈల మోగగానే పదహారుమందీ తడిబండ మీద పీతల్లా కాళ్ళాడించారు. తాడు ఎటూ కదల్లేదు. తర్వాత మిట్టవాళ్ళు ఊపిరి బిగబట్టి వెనక్కి వాలారు. ఎండుచేపలు ఒక్కొక్కటే గీత దాటి వచ్చి పడ్డాయి.

ఊరి పెద్ద వచ్చి లిసియాతే భుజం తట్టి వెళ్ళాడు. ఫెలేతి మాత్రం ఇంటికి పోలేదు. తాడును జానెడు జానెడుగా తడిమాడు, ముక్కుకు ఆనించుకున్నాడు. చివరికి చేతులు చాపుకుంటూ లిసియాతే దగ్గరకు వచ్చి కావిలించుకున్నాడు. ఆ చేతులు నడుము చాప లోపలికి పోతుంటే, వెతుక్కోవడానికి వీలుగా లిసియాతే తన రెండు చేతులూ పైకెత్తాడు.

"తాడు చివర ఏదో పెట్టారు," అన్నాడు ఫెలేతి.

"నన్నే పెట్టారు," అన్నాడు లిసియాతే. "వచ్చే ఏడు కూడా."