బాగా వచ్చిన ఫొటో

కాంపౌండరు భార్యలో వంక పెట్టడానికి ఇంకేమీ లేదు గానీ, అల్లుడు ఫోను కొనిచ్చిన నాటి నుంచి ఆవిడ మొగుణ్ణి మామూలుగా చూడటం మానేసింది. ఏం చూసినా ఫోనులోంచే. ఆ పొద్దున ఆయన కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని, కట్టుగుడ్డను నాలుగు వేళ్ల వెడల్పున కత్తిరించి మడతలు పెడుతున్నాడు.

"ఏమండీ, ఇటు చూడండి."

చూశాడు. టక్కుమంది.

ఫొటోలో ఆయన ముఖం ఇస్త్రీ చేసినట్టు ముడత లేకుండా ఉంది. కుడి చెవి మాత్రం లేదు. వెనకున్నదంతా మసక చేసి మనిషిని తేటగా చూపించే ఏర్పాటేదో ఆ ఫోనులో ఉందట. దాని లెక్కలో కాంపౌండరు చెవి గోడలో భాగం.

"ముప్పయ్యారేళ్లు నీ మాటలు విన్న చెవి ఇది. చివరికి దానికీ ఈ గతి పట్టించావు."

"విన్నారా? ఎప్పుడూ?" అంది ఆవిడ, ఇంకొకటి తీస్తూ.

వీపున మూడు కెమెరా కళ్లుండీ ఒక చెవిని చూడలేని వస్తువును ఏమనాలో కాంపౌండరుకు తెలియలేదు. తెలిసిన మాటలు భార్య ముందు అనేవి కావు. మడతలు సంచిలో సర్దుకుని సైకిలెక్కాడు.

పొట్టి మనిషి. మందునీళ్లలో నాని నాని తెల్లబడిన వేళ్లు, మొదలంటా కత్తిరించిన గోళ్లు. ముఖంలో చెప్పుకోదగ్గది ముక్కు ఒక్కటే. సీసాలు కడగడానికి చేరినవాడికి పాత డాక్టరు ఆ ముక్కు చూసే కట్లు కట్టడం నేర్పాడు. "పుండును ముందు ముక్కుతో చూడు. తర్వాత కంటితో. చేయి ఆఖర్న" అనేవాడు. నలభై ఏళ్లుగా ఆయన చేసిన పని అంతే. పట్టా లేదు, బోర్డు మీద పేరు లేదు. కాంపౌండరనే ఉద్యోగమే ఇప్పుడు లేదంటారు, ఆయన్ని చూస్తూనే.

పాత డాక్టరు పోయాక కొడుకు కూర్చున్నాడు. మంచివాడే. చిక్కంతా మంచివాళ్లతోనే. పన్నెండు రోజుల క్రితం చాలా మర్యాదగా చెప్పాడు.

"కాంపౌండర్ గారూ, ఈ వయసులో ఇంటింటికీ మీరెందుకు తిరగడం? ఇంట్లోవాళ్లే కట్టు మార్చి ఫొటో పంపిస్తారు. చూసి నేను చెప్తాను."

"అలాగేనండీ" అన్నాడు కాంపౌండరు. ఆయన అలాగేనండీ అన్నాడంటే లోపల గడియ పడ్డట్టే. ఆ రోజు నుంచి ఏ ఇంటి గడపా తొక్కలేదు. డాక్టరు ఫోనులో వచ్చిపడే పుళ్లను ఓరకంట చూసేవాడు. అన్నీ గులాబీ రంగే. "పుండును కూడా పెళ్లికూతుర్ని చేసేస్తుంది ముండమోపిది" అని కత్తెరలు ఉడికే గిన్నెతో చెప్పుకునేవాడు.

ఈ రోజు డాక్టరు ఒక పొట్లం చేతికిచ్చాడు. "డ్రైవరు గారింట్లో కట్టుగుడ్డ అయిపోయిందట. మీకు దారే కదా, ఇచ్చేసి వెళ్లండి. పుండు బాగా మానుతోందిలెండి, ఫొటో చూశాను."

రిటైరైన బస్సు డ్రైవరు అతను. చక్కెర జబ్బు. ఎడమ పాదం రెండో వేలి మీద పుండు. ఆ జబ్బు పాతబడిన పాదానికి నొప్పి తెలియదు. ముల్లు దిగినా సరే, ఇంకెవరైనా చూసి చెప్పాలి.

గుమ్మంలోనే పొట్లం అందించి తిరిగి వచ్చేద్దామని కాంపౌండరు సైకిలు స్టాండు కూడా వేయలేదు. కూతురు తలుపు తీసింది.

"దారి మర్చిపోయారేమో అనుకున్నాం బాబాయ్ గారూ!"

ఫోనుంది కదమ్మా, మధ్యలో నేనెందుకు? పన్నెండు రోజులుగా దాచుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. లోపలి నుంచి, పూలు పెట్టిన గ్లాసులో నీళ్లు కుళ్లితే వచ్చే తియ్యటి వాసన. ఇంట్లో మసలేవాళ్లకు అది అలవాటైపోయింది. సైకిలు గోడకు పడేసి లోపలికి వెళ్లాడు.

కట్టు విప్పాడు. రెండో వేలు సిరా రంగు. మూడోదాని కొస బూడిద. చేత్తో తాకితే చల్లగా ఉంది.

"ఈ పొద్దున తీసిందే, చూడండి" అని కూతురు ఫోను ముందు పెట్టింది. సబ్బు ప్రకటనలో పెట్టుకోవచ్చు ఆ పాదాన్ని. కాంపౌండరు ఫోనును కాలి పక్కన పట్టాడు.

"ఇది ఎవరి కాలమ్మా?"

"నాదేనంటుంది" అన్నాడు డ్రైవరు. "అంత బాగుంటే బస్సెందుకు తోలేవాణ్ణి, సినిమాల్లో ఉండేవాణ్ణి."

కాంపౌండరు నవ్వలేదు. డాక్టరుకు ఫోను చేశాడు.

"ఒక ఫొటో తీసి పెట్టండి కాంపౌండర్ గారూ, చూస్తాను."

"ఫొటో పంపనండీ. కాలే పంపుతున్నాను, మనిషితో సహా. మీరు పెద్దాసుపత్రికి రండి." నలభై ఏళ్లలో ఒక డాక్టరుకు ఆయన పని చెప్పడం అదే మొదలు.

పెద్దాసుపత్రి సర్జను పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రెండు వేళ్లు తీసేయాలి. పాదం దక్కుతుంది. ఓ వారం ముందు వచ్చుంటే వేళ్లు కూడా ఉండేవేమో."

కుర్ర డాక్టరు ముఖం పాలిపోయింది. కూతురి ఫోను తీసుకుని చూసి, "ఛ, ఈ కెమెరాల్లో క్లారిటీ అనేదే ఉండదు" అన్నాడు. నిన్నటి రోజున ఈ మాట వింటే కాంపౌండరు పండగ చేసుకునేవాడు.

"కెమెరా ఒక్కదానిదే కాదండీ" అంది కూతురు. "రోజూ పదేసి తీసేదాన్ని. కిటికీ దగ్గరవి, లైటు కిందవి. నల్లగా వచ్చినవి ఫొటో చెడిపోయిందనుకుని చెరిపేసి, బాగా వచ్చింది పంపేదాన్ని. డాక్టరు గారికి కదా పంపేది..."

చెరిపేసిన ఫొటోల బుట్ట తెరిచి చూపించింది. ఎనిమిది రోజులవి ఉన్నాయి. గింజంత నలుపు, మర్నాడు గోరంత, ఆ తర్వాత వేలంత. వరసగా, తేటగా ఉన్నాయి. తిట్టడానికి ఫోనులో పెద్దగా ఏమీ దొరకలేదు కాంపౌండరుకు.

డాక్టరు కాగితాల పని మీద వెళ్లాడు. కూతురు సంతకం పెట్టడానికి వెళ్లింది. చక్రాల కుర్చీ వచ్చేదాకా నడవలో బెంచీ మీద ఇద్దరే మిగిలారు.

"ఈ పన్నెండు రోజులూ నీ సైకిలు బెల్లు వినబడుతూనే ఉంది" అన్నాడు డ్రైవరు. "మా ఇంటి మలుపులో రెండుసార్లు కొట్టేవాడివి."

"వినబడాలనే కొట్టాను."

"దేనికి?"

"పిలుస్తారని. పిలిస్తే రానని చెబుదామని."

డ్రైవరు తన పాదం వంక చూసుకున్నాడు. కాంపౌండరు చేతులు ఒళ్లో పెట్టుకుని గట్టిగానే అన్నాడు, ఎదుటి బెంచీవాళ్లు తలెత్తి చూశారు.

"తప్పు నాది. ఫోనుకు ముక్కు లేదు. నాకుంది. దాని మీద కోపం పెట్టుకుని కూర్చున్నాను."

డ్రైవరు సరేలే అనలేదు, నీదేం తప్పూ అనలేదు.

"నేనూ అంతేనోయ్" అన్నాడు. "చెయ్యెత్తనివాళ్ల కోసం ఏనాడూ బస్సు ఆపలేదు. పోనీలే, ఎడమ కాలే కదా. క్లచ్చు తొక్కే పని ఇప్పుడు లేదు. కట్టు మాత్రం నువ్వే కట్టాలి."

కుర్చీ వచ్చింది. ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. ఆపరేషను గది తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి.

బెంచీ కింద చెప్పులు మిగిలాయి. కుడిది మామూలుదే. ఎడమదానికి కట్టు పట్టడం కోసం ముందు పట్టీని బ్లేడుతో కోసి, ఆ కోసిన అంచు వేళ్లకు గీసుకోకుండా మెత్తటి గుడ్డ చుట్టి, దగ్గర దగ్గరగా ఎవరో, కూతురే కాబోలు, చేత్తో కుట్టారు.