పోశయ్య మాస్టర్ రెండు వేళ్లు

పోశయ్య మాస్టర్ పోయి నలభై రోజులైంది. భార్య శారమ్మ ఇంతవరకు ఏడవలేదు. బోధన్ చర్చి ఆడవాళ్లు మొదట ధైర్యం గల మనిషన్నారు, తర్వాత రాతిగుండె అన్నారు. ఆమె ఆ రెండూ కాదు. పొద్దున లేచి ఆయన టీ గ్లాసు కడిగి బోర్లించేది. సాయంత్రం ఎవరూ తాగని ఆ గ్లాసునే మళ్లీ కడిగేది. దుఃఖం ఎక్కడుందో వెతుక్కునే ఓపిక కూడా లేకపోయింది.

ఇవాళ చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. బెంచీల మీద మనుషులకన్నా గిటార్లే ఎక్కువ కనిపిస్తున్నాయి. వచ్చినవాళ్లంతా ఆయన శిష్యులు, శిష్యుల శిష్యులు. వాళ్లలో పెద్దవాడు మల్లికార్జున్, నిజామాబాద్‌లో ఆర్కెస్ట్రా నడుపుతాడు, యాభై దాటింది. మైకు చేతికొస్తే వదిలే మనిషి కాదు. తాను పుట్టకముందు సంగతులు కూడా పక్కనే నిలబడి చూసినట్టు చెప్తున్నాడు.

అయితే చెప్పినవాటిలో చాలావరకు నిజమే. పోశయ్య కుర్రతనంలో చక్కెర ఫ్యాక్టరీ కాలనీ క్లబ్బులో ఊడ్చే పనికి కుదిరాడు. అధికారులు తెప్పించుకున్న విదేశీ రికార్డులు తిరుగుతుంటే చీపురు పట్టుకొని విన్నాడు. ఎవరో వదిలేసిపోయిన గిటారును పాత రేడియోకు తగిలించి మోగించాడు. దాన్ని రాక్ అండ్ రోల్ అంటారని ఆయనకు పదేళ్ల తర్వాత తెలిసింది. అప్పటిదాకా 'ఉరుకుడు పాట' అనేవాడు. పెళ్లి బరాత్‌లలో ఉరికించాడు, గణపతి మండపాల దగ్గర ఉరికించాడు, చివరికి క్రిస్మస్ పాటను కూడా ఉరికించి సంఘ పెద్దలచేత చీవాట్లు తిన్నాడు. మరుసటి ఏడు ఆ పెద్దలే వచ్చి, అట్లనే వాయించు పోశయ్యా అన్నారు.

ఆయన ఎడమచేతిలో చూపుడువేలు, నడిమివేలు మాత్రమే తీగల మీద తిరిగేవి. ఉంగరపు వేలు, చిటికెన వేలు అరచేతిలోకి ముడుచుకొని ఉండేవి. ఉన్న రెండు వేళ్లూ చాలక ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తీగ మీద జారుకుంటూ పోయేవాడు. ఆ జారుడే ఆయనకు పేరు తెచ్చింది. శిష్యులు దాన్ని మక్కికి మక్కి దించారు. నాలుగు వేళ్లూ నిక్షేపంగా ఉన్నవాళ్లు కూడా రెండు ముడుచుకొని వాయిస్తారు. ముడవడం కుదరనివాళ్లు రబ్బరు బ్యాండు వేసుకొని సాధన చేస్తారు. రెంజల్ నుంచి జక్రాన్‌పల్లి దాకా ఇదే తంతు.

వేళ్లకేమైందని అడిగితే, చిన్నప్పుడు చెరుకు గానుగలో చెయ్యి పడి నరం తెగిందనేవాడు. చెరుకు పండే చోట ఈ మాటకు సాక్షులు అక్కర్లేదు. అది అబద్ధమని తెలిసిన మనిషి ఇప్పుడు శారమ్మ ఒక్కతే. పుట్టబోయే పిల్లలకు కూడా చెప్పనని పెళ్లినాడు ఆయన ఆమెచేత ఒట్టు వేయించుకున్నాడు. నోట్లో నువ్వుగింజ నానని వాడకట్టులో ఉంటూ యాభై ఏళ్లు ఆ మాట కడుపులో పెట్టుకుంది.

మల్లికార్జున్ గొంతు సవరించుకొని అసలు సంగతికి వచ్చాడు. మాస్టర్ గిటారును అఖిలకు ఇవ్వాలని శిష్యులంతా అనుకున్నారట, కొడుకు క్రాంతి కుమార్ కూడా సరేనన్నాడట. అఖిల రెంజల్ పసుపు రైతు బిడ్డ, డిచ్‌పల్లిలో పీజీ చదువుతోంది, మాస్టర్ చివరి శిష్యురాలు. మేమంతా కష్టపడి వేళ్లు ముడుస్తాం, ఈమెకు ఆ కష్టం లేదు, సాక్షాత్తు మాస్టర్ చెయ్యే వచ్చింది అన్నాడు. చప్పట్లు మోగాయి. అఖిల లేచి సిగ్గుపడుతూ అందరికీ నమస్కారం పెట్టింది.

శారమ్మ చప్పట్లు కొట్టబోయి ఆగింది. గిటారు పట్టినప్పుడు వేళ్లు ముడవడం వేరు. నమస్కారం పెడుతున్నప్పుడు కూడా ఆ పిల్ల ఎడమచేతి రెండు వేళ్లు తెరుచుకోలేదు. ఆ చెయ్యి రెండేళ్లుగా తమ ఇంటికి వస్తూనే ఉంది. అప్పటికే మాస్టర్‌కు చూపు ఆనదు, చెవితోనే పాఠం చెప్పేవాడు. ఇక వేళ్లు ముడుచుకున్న శిష్యులు ఆ ఇంట్లో కొత్త కాదు గనుక ఆమె ఎన్నడూ పట్టించుకోలేదు.

ప్రార్థన మొదలుకాగానే అఖిలను పక్క గదిలోకి తీసుకుపోయి చెయ్యి తిప్పి చూసింది. చిటికెన వేలి పక్కన పెద్ద బొబ్బ ఎండి ఉంది.

“ఇదేంది బిడ్డ?”

“పసుపు ఉడకవెట్టేటప్పుడు కాలినట్టుందవ్వ. నాకు తెల్వనే లేదు. అమ్మ సూసి చెప్పింది.”

నలభై రోజుల్లో మొదటిసారి శారమ్మకు ఏదో తెలిసింది. అది దుఃఖం కాదు, భయం. ఇలాంటి కాలిన మచ్చలనే ఆమె యాభై ఏళ్లు ఆయన చేతి మీద వెతికింది, మందు రాసింది.

తలుపు దగ్గరికి వేసి అంతా చెప్పింది. గానుగా లేదు, ఏమీ లేదు. పదహారేళ్లప్పుడు ఆయనకు కుష్టు వచ్చింది. డిచ్‌పల్లి దవాఖానలో మూడేళ్లు ఉన్నాడు. అక్కడి తోటమాలి కూతురే శారమ్మ. రోగం నయమైంది గానీ, దవాఖానకు పోవడం ఆలస్యమైనందుకు చచ్చిన నరాలు తిరిగి రాలేదు. నీ చేతికున్నదీ ఆ రోగమే అనిపిస్తోంది, కానీ నీ తల్లి పుట్టకముందే ఆయనకు నయమైంది, ఇది ఆయన నుంచి వచ్చింది కాదని కూడా చెప్పింది. ఇప్పుడైతే ఏడాది మాత్రలతో పోతుందని, రేపే పోదామని, ఎంత తొందరగా పోతే వేళ్లకు అంత మంచిదని బతిమాలింది.

అఖిల చెయ్యి వెనక్కి లాక్కుంది. ముఖం ఎర్రబడింది.

“గిటారు ఇయ్యబుద్ధి కాకపోతే సీదా చెప్పరాదు అవ్వ? మాస్టర్ మీద గింత మాట అంటవా? నిజమే అయితే అందరి ముందట చెప్పు.”

తలుపు తోసుకొని వెళ్లిపోయింది. శారమ్మకు కోపం రాలేదు. ఈ రోగం మాట వింటే ఎవరైనా ముందు ఎదుటివాళ్ల మీదే విరుచుకుపడతారని ఆమెకు తెలుసు. పోశయ్య కూడా దవాఖానకు పొమ్మన్న తల్లితో ఏడాది మాట్లాడలేదట. ఆ ఏడాదే ఆయన రెండు వేళ్లను మింగింది.

రెండు మాటలు మాట్లాడమ్మా అంటూ క్రాంతి కుమార్ వచ్చి మైకు దగ్గరికి నడిపించాడు. దండ వేసిన ఫోటోలో ఆయన నవ్వుతున్నాడు. పోయిన మనిషి పరువా, బతికున్న పిల్ల చెయ్యా అని తూకం వేయడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. అంత తేలిగ్గా తేలిపోయినందుకే బాధేసింది. అఖిల వైపు మాత్రం చూడలేదు.

“గానుగ ముచ్చట అబద్ధం,” అన్నది శారమ్మ. “ఆయనకు పెద్దరోగం ఉండె. డిచ్‌పల్లిల మందులు తిని బాగైండు. గా రెండు వేళ్లు ఆయన కావాలని ముడవలే, తెరవరాలే. నాలుగుంటే నాలుగుతోని వాయించేటోడు. ఎవ్వలకన్న వేళ్లు తిమ్మిరెక్కితే, కాలినా తెల్వకపోతే, గదొక విద్య అనుకోకుండ్రి. దవాఖానకు పోండ్రి.”

మల్లికార్జున్ తన ఎడమచెయ్యి చూసుకొని, ముడిచి ఉన్న రెండు వేళ్లను మెల్లగా చాపాడు. క్రాంతి కుమార్ తల దించుకున్నాడు. ఆమె మైకు పాస్టర్‌కు ఇచ్చి, వెనక వరండాలోకి వెళ్లి మెట్టు మీద కూర్చుంది. ఆయనకిచ్చిన ఒట్టు తప్పింది. ఆయన ఉంటే ఏమనేవాడో ఊహకు అందలేదు. లోపల పాట మొదలైంది, గిటారు లేకుండా.

కొంతసేపటికి అఖిల వచ్చి పక్కన కూర్చుంది. ఎడమచెయ్యి తెచ్చి శారమ్మ ఒడిలో పెట్టింది.

“కండ్లు మూసుకో బిడ్డ. నేను తాకినప్పుడల్లా చెప్పు.”

బొటనవేలు తాకింది. ఆఁ అన్నది అఖిల. చూపుడువేలు తాకింది, నడిమివేలు తాకింది. ఆఁ, ఆఁ అన్నది. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. వరండా అవతల వడ్డనకు ఆకులు వేస్తున్నారు.

“ఇగ తాకు అవ్వ,” అన్నది అఖిల, కళ్లు మూసుకొనే.

శారమ్మ అప్పటికే ఆ పిల్ల చిటికెన వేలును పట్టుకొని నొక్కుతూనే ఉంది.