గుండీల బేరం

రొహీమా కుట్టుమిషను ఆపి లేవబోతే నడుము పట్టేసింది. పెకలొంగన్ ఊళ్లో బడి తెరిచేలోపు నూట ఇరవై జతల మదరసా యూనిఫారాలు కుట్టివ్వాలి. గుడ్డకు ఫోన్ యాప్‌లో నడిచే ఓ ఇస్లామీ ఫైనాన్స్ కంపెనీ సాయం దొరికింది. కంపెనీ డబ్బు అప్పుగా చేతికివ్వదు. తానే గుడ్డ కొని, కాస్త లాభం వేసుకుని ఆమెకు అమ్ముతుంది. ఆమె వాయిదాల్లో తీర్చాలి. వడ్డీ మతం ఒప్పని పాపమని, ఆ మాట వింటేనే ఒళ్లు జలదరించే మనిషికి అంతకన్నా ఏం కావాలి?

మూడు వారాలు తిప్పించుకున్నాక, నిన్న మంజూరైందని కబురొచ్చింది. ఆ సంబరంలో ఆగలేక గుడ్డల వ్యాపారి హొన్ లియోంగ్ కొట్టునుంచి గుడ్డంతా అరువు తెచ్చేసి, రాత్రికి సగం కత్తిరించేసింది. శుక్రవారానికి డబ్బిస్తానని మాటిచ్చింది. ఇవ్వలేకపోతే ఉన్న రెండు మిషన్లలో ఒకటి అమ్ముకోవాల్సిందే.

గుడ్డ కొనిపెట్టడానికి వచ్చిన కంపెనీ కుర్రాడు ఫతొనీ బల్లమీది ముక్కలు చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"కొనేశారా అమ్మా? మీ సొత్తే మళ్లీ మీకెలా అమ్ముతాం? ఇప్పుడు డబ్బిస్తే అది ఉత్త అప్పు. దానిమీద లాభం తీసుకుంటే వడ్డీయే."

ఆమెకు ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికీ ఓపిక ఉండాలి కదా.

అతను గొంతు తగ్గించాడు. "డబ్బింకా కట్టలేదుగా. ధరైనా మాట్లాడుకున్నారా? లేదంటే బేరం తెగనట్టే, గుడ్డ ఇంకా కొట్టువాడిదే. మేమే కొనొచ్చేమో పైవాళ్లను అడిగి చూస్తాను."

లేదు అని ఒక్క మాటంటే చాలు. కానీ రొహీమా బేరమాడకుండా ఉప్పు పొట్లం కూడా కొన్న మనిషి కాదు. నిన్న ముప్పావుగంట హొన్ లియోంగ్ ప్రాణం తోడేసి, మీటరుకు ఐదొందల రూపియా తగ్గించుకుని, ఏదో గెలిచినట్టు ఇంటికొచ్చింది. అబద్ధమాడి దక్కించుకుంటే అది వడ్డీకన్నా ఏం మేలు?

"మాట్లాడాను నాయనా. ఐదొందలు తగ్గించాను కూడా," అంది.

అతను తల పట్టుకున్నాడు. ఇంకా కొననిదేమైనా ఉందా అని అడిగాడు. గుండీలు ఇంకా కొనాలంది. అతను వీధి చివరి కొట్లో కంపెనీ పేరున గుండీలు కొనితెచ్చి బల్లమీద పెట్టాడు. అసలెంతో లాభమెంతో చెప్పి, ఆమె బేరానికి దిగుతుందని కాసేపు చూశాడు.

"కొన్నాను," అంది రొహీమా.

తర్వాత రెండో మిషను మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"దీన్ని కొనేవాళ్లెవరైనా ఉంటే చూడు నాయనా. ఎంతిస్తే అంతే. బేరమాడను."